పేపర్లు, థీసిస్‌లు, పాత పత్రికలు ఎలా వెతకాలి: కాలేజీ, యూనివర్సిటీ లెక్చరర్ల కోసం

మా డిపార్ట్‌మెంట్లో కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఏడాదిలో ఒక్కసారైనా వచ్చి అనే మాట ఒకటుంది, "మేడం, నా టాపిక్ మీద ఏమీ దొరకట్లేదండీ" అని. ఏం వెతికారమ్మా అంటే, టాపిక్ టైటిల్ ఎలా ఉందో అలాగే మొత్తం ఒక లైనుగా గూగుల్లో కొట్టాం, మొదటి పేజీ చూశాం, ఏమీ లేదు అంటారు. అలా దొరకదండి. ఆ విషయం మీద ఎవరూ రాయక కాదు, రాసినవాళ్ళు దాన్ని ఏ మాటతో రాశారో ఆ మాట మనం కొట్టలేదు. పదిహేనేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతూ, భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ మీద పని చేస్తూ, పక్కన తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళకీ హిస్టరీ వాళ్ళకీ వెతుకులాటలో సాయం చేస్తూ నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, మన మాట పక్కన పెట్టి అవతలివాళ్ళ మాట పట్టుకోవాలి. అది ఎలాగో వరసగా చెప్తాను, మీ సబ్జెక్ట్ ఏదైనా పని చేస్తుంది.

కంప్యూటర్ తెరవకముందు ఒక కాగితం తీయండి

నిజంగా కాగితమే. పైన మీ ప్రశ్న మామూలు మాటల్లో ఒక వాక్యం రాయండి, ఎవరికో చెప్తున్నట్టు. నాది ఇలా ఉండేది: "నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుంది, దానివల్ల జనానికి ఏమైంది, ఎప్పట్నుంచి తెలుసు?" ఇందులో ముఖ్యమైన ముక్కలు మూడు. ఫ్లోరైడ్ ఒకటి, నీళ్ళు ఒకటి, ఊరు ఒకటి. మూడు గడులు గీసి ఒక్కో ముక్కకి ఇంకెన్ని పేర్లున్నాయో ఇంగ్లీషులో కింద రాసుకుంటూ పోండి. ఫ్లోరైడ్ కింద ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు), డెంటల్ ఫ్లోరోసిస్, స్కెలెటల్ ఫ్లోరోసిస్, డీఫ్లోరిడేషన్. నీళ్ళ కింద గ్రౌండ్‌వాటర్, డ్రింకింగ్ వాటర్, బోర్‌వెల్, ఓపెన్ వెల్.

ఇక్కడిదాకా అందరూ రాస్తారు. అసలు దెబ్బ తినేది రెండు చోట్ల.

ఒకటి, కాలం. పళ్ళ మీద పసుపు మచ్చలు వచ్చేదాన్ని ఇవాళ డెంటల్ ఫ్లోరోసిస్ అంటున్నాం కానీ 1930ల నాటి డాక్టర్లు మాటిల్డ్ ఎనామెల్ అని రాసేవారు. ఆ మాట కొట్టకపోతే ఆ కాలం పేపర్లు మీ కంటికి ఆనవు, అవి అక్కడే ఉంటాయి, మీకు మాత్రం కనపడవు.

రెండోది, ఊళ్ళ పేర్లు, ముఖ్యంగా మన జిల్లాలు. ఇది మన రెండు రాష్ట్రాల వాళ్ళం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 2016 అక్టోబర్‌లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రాలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. అంటే మీరు సూర్యాపేట మీద పని చేస్తుంటే 2016కి ముందు పేపర్లన్నీ నల్గొండ అనే పేరు కిందే ఉంటాయి. ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా తిరకాసు. కనిగిరి, పొదిలి, దర్శి ఇవాళ ఫ్లోరైడ్ అనగానే గుర్తొచ్చే ఊళ్ళు, ఇవి 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేవి, ఆ ఏడాది ఒంగోలు జిల్లా అని కొత్తగా పెట్టారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు మార్చారు. కందుకూరైతే నెల్లూరులో ఉండి ప్రకాశంలోకి పోయి 2022లో మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు కాగితాల్లో ఇదంతా మద్రాస్ ప్రెసిడెన్సీ. కాబట్టి ఊరి గడి కింద ఈ పాత పేర్లన్నీ రాసుకోవాల్సిందే, జిల్లా పేరే కాకుండా తాలూకా పేరు, నది పేరు కూడా.

నేనొక వేసవి సెలవులు మొత్తం "ప్రకాశం ఫ్లోరోసిస్" అని కొడుతూ కూర్చున్నాను. మన దేశంలో దీని మీద వచ్చిన తొలి పెద్ద పేపర్లలో ఒకటి 1937 నాటిది, షార్ట్, మెక్‌రాబర్ట్, ఇంకో ఇద్దరు కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసింది, టైటిల్లో ఉన్నది "మద్రాస్ ప్రెసిడెన్సీ". నేను వెతికిన పేరు ఆ కాగితం పుట్టేనాటికి జిల్లాగా లేనే లేదు, ఇంకెలా దొరుకుతుంది?

తర్వాత మీ లాగిన్ సంగతి తేల్చుకోండి

చాలామంది కాలేజీకి ఏమేం వస్తున్నాయో తెలుసుకోకుండానే పేపర్‌కి 30 డాలర్లు కట్టమంటున్నారండీ అని వదిలేస్తారు. కేంద్ర కేబినెట్ 2024 నవంబర్ 25న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకం ఒప్పుకుంది, మనవాళ్ళు ఓనోస్ అంటున్నారు. 2025, 26, 27 మూడేళ్ళకి 6,000 కోట్లు. 30 మంది పబ్లిషర్లవి దగ్గర దగ్గర 13,000 జర్నల్స్, 6,300కి పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకీ కేంద్ర పరిశోధన సంస్థలకీ. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అన్నీ అందులో ఉన్నాయి. ఇదంతా చూసుకునేది గాంధీనగర్‌లో ఉన్న యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్. ఇది చిన్న విషయం కాదండి, మా తరం పీహెచ్‌డీలు చేసినప్పుడు ఒక్క పేపర్ కోసం రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళి ఫొటోకాపీ తీయించుకుని వచ్చేవాళ్ళం. ఇవాళ జిల్లా కేంద్రంలో గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి కూడా అదే జర్నల్ అందుతుంటే వాడుకోకపోతే ఎంత నష్టమో చూడండి.

మీరు చేయాల్సింది ఇంతే. లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి మూడు అడగండి: మన కాలేజీ ఓనోస్‌లో నమోదయిందా, నాకు ఇన్‌ఫెడ్ (ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ లాగిన్) యూజర్ ఐడీ ఇస్తారా, ఇంటి నుంచి వాడుకోవచ్చా. ఇన్‌ఫెడ్ ఐడీ ఉంటే క్యాంపస్‌లో కూర్చోవాల్సిన పని లేదు, పబ్లిషర్ సైట్‌లో పేపర్ పేజీ తెరిచి "యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్" అన్నచోట నొక్కి, ఇన్‌ఫెడ్ అని ఎంచుకుని, మీ కాలేజీ పేరు ఎంచుకుని, ఐడీ పాస్‌వర్డ్ కొడితే పీడీఎఫ్ తెరుచుకుంటుంది. మొదటిసారి కాస్త తికమకగా ఉంటుంది, ఒకసారి లైబ్రేరియన్ పక్కన కూర్చుని చేయండి, రెండోసారి నుంచి చెయ్యి అలవాటైపోతుంది.

ప్రైవేట్ కాలేజీ వాళ్ళకి మొదటి విడతలో ఓనోస్ లేదు. మీరు మీ కాలేజీకి ఎన్-లిస్ట్ (కాలేజీలకి ఆన్‌లైన్ జర్నల్స్, పుస్తకాలు ఇచ్చే ఇన్‌ఫ్లిబ్‌నెట్ పథకం) సభ్యత్వం గానీ డెల్‌నెట్ (లైబ్రరీల నెట్‌వర్క్) సభ్యత్వం గానీ ఉందేమో కనుక్కోండి. ఉండి కూడా ఎవరికీ చెప్పని కాలేజీలు ఉన్నాయి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కాలేజీలో ఏటా డబ్బు కడుతూనే ఉన్నారు, ఐడీలు మాత్రం ఒక ఫైల్లో ఉండిపోయాయి, మాకు తెలిసేసరికి రెండేళ్ళు గడిచాయి. అందుకే అడగండి, సిగ్గుపడొద్దు.

ఇప్పుడు గూగుల్ స్కాలర్

మామూలు గూగుల్ కాదండి, స్కాలర్. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి లైబ్రరీ లింక్స్ అన్నచోట మీ యూనివర్సిటీ పేరు వెతికి టిక్ పెట్టండి, ఉంటే రిజల్ట్ పక్కనే మీ లైబ్రరీ లింకు కనపడుతుంది. ఇది ఒక్కసారి చేసే పని.

ఆ తర్వాత మీ కాగితం మీది మాటలు ఒక్కో గడి నుంచి ఒకటి చొప్పున తీసుకుని కొట్టండి. టైటిల్ మొత్తం కొట్టొద్దు. రెండు మాటలు కలిసే ఉండాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఒక మాట వద్దు అనుకుంటే దాని ముందు మైనస్ పెట్టండి, మధ్యలో ఖాళీ లేకుండా. ఈ మైనస్ విలువ నాకు నల్గొండతోనే తెలిసింది. ఫ్లోరైడ్, నల్గొండ అని కొడితే సగం రిజల్ట్స్ టాంజానియావి, ఇథియోపియావి వస్తాయి, ఏమిటా అనుకుంటే నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు పెట్టిన పేరే "నల్గొండ టెక్నిక్", ఆ పేరుతోనే అది ఆఫ్రికా దాకా వెళ్ళింది. మన జిల్లా పేరు అక్కడ ఒక పద్ధతి పేరన్నమాట. అప్పుడు టెక్నిక్ అన్న మాటకి మైనస్ పెడితే ఊరి పేపర్లు పైకి వచ్చాయి. ఆర్ అని పెద్దక్షరాల్లో రెండు మాటల మధ్య పెడితే ఏదున్నా సరే అని అర్థం, గ్రౌండ్‌వాటర్ ఆర్ బోర్‌వెల్ అన్నట్టు.

మెడికల్, ఫార్మసీ, జువాలజీ వాళ్ళయితే స్కాలర్‌తో ఆగకుండా పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల సూచికకి వెళ్ళండి, అక్కడ మెష్ అని ఒక పదాల పట్టిక ఉంటుంది. రాసినవాళ్ళు ఏ మాట వాడినా సరే అక్కడ ఒకే పేరు కింద పెడతారు. మా విషయానికి అందులో ఉన్న పేరు ఫ్లోరైడ్ పాయిజనింగ్. ఆ పేరు నాకు కలలో కూడా తట్టేది కాదు, పట్టికలో చూశాకే తెలిసింది.

ఒక్క మంచి పేపర్ దొరికిందా, ఇక అక్కడ ఆగండి, సెర్చ్ బాక్స్ వదిలేయండి. ఆ ఒక్క పేపర్ పట్టుకుని ముందుకీ వెనక్కీ నడవాలి. వెనక్కి అంటే దాని చివర రిఫరెన్సులు, అందులో మీకు పనికొచ్చే పాతవి, మళ్ళీ వాటి చివర రిఫరెన్సులు. నేను 1937 దాకా వెళ్ళింది ఈ దారినే, ఎన్ని మాటలు మార్చి కొట్టినా రానిది ఒక 1990ల పేపర్ వెనక పేజీలో చిన్న అక్షరాల్లో కనిపించింది. ముందుకి అంటే స్కాలర్‌లో ఆ పేపర్ కింద "సైటెడ్ బై" అని ఒక అంకె ఉంటుంది, నొక్కితే ఆ తర్వాత దాన్ని ఉదహరించినవన్నీ వస్తాయి. అవి వందల్లో ఉంటే పైన "సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్" అన్న గడిలో టిక్ పెట్టి వాటిలోపలే మీ ఊరి పేరు వెతకండి. నన్నడిగితే ఈ ఒక్క టిక్ తెలియక ఎంతమంది ఎన్ని నెలలు పోగొట్టుకున్నారో లెక్కలేదు.

పేజీ డబ్బులు అడిగితే

ముందు ఇన్‌ఫెడ్‌తో చూశారు, రాలేదు అనుకుందాం. స్కాలర్‌లో ఆ పేపర్ కింద "ఆల్ వర్షన్స్" నొక్కండి, రచయిత తన యూనివర్సిటీ సైట్‌లో పెట్టిన కాపీ ఉండొచ్చు. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అని ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ ఉచితంగా వేసుకోండి, చట్టబద్ధంగా ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే పేజీ పక్కన తాళం గుర్తు ఆకుపచ్చగా మారుతుంది. జేస్టోర్ అనే జర్నల్స్ సైట్‌లో సొంతంగా ఉచిత ఖాతా తెరుచుకుంటే నెలకి 100 ఆర్టికల్స్ దాకా ఆన్‌లైన్లో చదువుకోవచ్చు, హిస్టరీ, ఎకనామిక్స్, లిటరేచర్ వాళ్ళకి ఇది వరం. అవేవీ కాకపోతే రచయితకి మెయిల్ పెట్టండి, నాలుగు లైన్లు, మీరెవరు, ఏ పేపర్, ఎందుకు. నేను పెట్టినవాటికి ఎక్కువమంది వారంలోపే పంపారు, ఒకాయనైతే తన దగ్గరున్న పచ్చి డేటా కూడా పంపించారు.

శోధ్‌గంగని తెలివిగా వాడండి

యూజీసీ 2009 రెగ్యులేషన్ల దగ్గర్నుంచి పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సైట్‌లో పెడుతున్నారు, లక్షల్లో ఉన్నాయి. మనవాళ్ళు అక్కడికెళ్ళి ఎవరో ఇదే టాపిక్ చేసేశారు అని నీరసపడి వెనక్కొస్తారు. అలా కాదు, ఒక థీసిస్ దొరికితే మొదట తెరవాల్సింది బిబ్లియోగ్రఫీ ఫైలు. శోధ్‌గంగలో చాప్టర్లు విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి కాబట్టి చివరి ఫైలు ఒక్కటీ దింపుకోవచ్చు. నాలుగైదేళ్ళు ఒక మనిషి కూర్చుని పోగుచేసిన జాబితా అది. తర్వాత రెండో చాప్టర్, లిటరేచర్ రివ్యూ. వాళ్ళు ఏ మాటలు వాడారో మీ కాగితం మీదికి ఎక్కించుకోండి. కానీ థీసిస్‌లో ఫలానావారు ఇలా అన్నారు అని ఉంటే అదే ఎత్తి రాయకండి, ఆ ఫలానావారి అసలు పేపర్ తీసి చూడండి. ఒకరు తప్పు రాసిన పేజీ నంబరు పది థీసిస్‌లలో అదే తప్పుతో తిరుగుతూ ఉండటం నేను కళ్ళారా చూశాను.

ఇంకా పూర్తికాని పరిశోధనల సినాప్సిస్‌లకి శోధ్‌గంగోత్రి అని వేరే ఉంది, మీ స్టూడెంట్‌కి టాపిక్ ఇచ్చేముందు అదీ ఒకసారి చూడండి.

తెలుగులో వెతకాల్సి వస్తే

ఇది కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

తెలుగు పాత పుస్తకాలకి పెద్ద గని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసినవి, వాటి కాపీలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీవీ స్కాన్ అయ్యాయి. పాత పత్రికలైతే ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేయించి ఆన్‌లైన్లో పెట్టారు. అన్నీ ఉన్నాయి కానీ తెలుగు లిపిలో కొడితే చాలావరకు రావు, ఎందుకంటే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, ఎక్కించినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలాగ ఎక్కించారు. శ్రీకి ఒకరు రెండు ఈలు పెడతారు, ఒకరు ఒక్క ఐతో సరిపెడతారు, ఇంకొకరు ఎస్ పక్కన హెచ్ చేరుస్తారు. చ అక్షరానికి ఒకచోట సీ ఒక్కటే, ఇంకోచోట సీ హెచ్. పుస్తకం పేరు చివర "ము" ఒకచోట ఉంటుంది ఒకచోట ఉండదు, చరిత్ర, చరిత్రము, చరితము. రెండు మాటలు కలిపి రాసేస్తారు. అందుకని పూర్తి పేరు కొట్టకండి, పేరులో తప్పు పోవడానికి వీల్లేని చిన్న ముక్క ఒకటి చూసుకుని, దాంతోపాటు భాష తెలుగు అని ఫిల్టర్ పెట్టి, పేజీలు తిప్పుకుంటూ చూడండి. ఓపిక పట్టాలి, తప్పదు.

రెండో చిక్కు అను ఫాంట్లు. మన తెలుగు డిపార్ట్‌మెంట్ల థీసిస్‌లు చాలా ఏళ్ళు అను ఫాంట్లలో టైప్ అయ్యాయి, అవి యూనికోడ్ కాదు. పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగులో కనిపిస్తుంది, అందులోంచి ఒక లైను కాపీ చేసి పేస్ట్ చేస్తే ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు పడతాయి. అంటే ఆ ఫైల్లో మీరు తెలుగు మాట కొట్టి వెతికితే "లేదు" అని వస్తుంది, ఉన్నా సరే. కాబట్టి తెలుగు థీసిస్‌లో సెర్చ్ ఫలితం సున్నా వస్తే నమ్మకండి, విషయసూచిక తెరిచి చూడండి.

మూడోది తేదీలు. పాత పత్రికల మీద ఇంగ్లీషు సంవత్సరం కనపడకుండా తెలుగు సంవత్సరం, మాసమే ఉండొచ్చు. రక్తాక్షి అని ఉందనుకోండి, అది 1924 ఉగాది నుంచి 1925 ఉగాది దాకా. కానీ అదే పేరు 60 ఏళ్ళకోసారి వస్తుంది కదా, 1864లోనూ 1984లోనూ రక్తాక్షే. సంపుటం నంబరు, ప్రెస్ పేరు, ఊరు చూసి ఏ రక్తాక్షో తేల్చుకోవాలి. పుష్యమాసం సంచిక అయితే ఇంకా జాగ్రత్త, అది చాలావరకు తర్వాతి ఇంగ్లీషు ఏడాది జనవరిలో పడుతుంది.

ఇక మాటల సంగతి. మా హిస్టరీ లెక్చరర్ ఒకావిడ పాత పత్రికల్లో కలరా గురించి వెతుకుతూ నా దగ్గరికి వచ్చారు, సూచికల్లో ఎక్కడా కలరా అన్న మాట లేదండీ అని. విషూచి అని చూడండి, వాంతిభేది అని చూడండి, మారి అని చూడండి అన్నాను. అలాగే మశూచికి స్ఫోటకం అని ఉంటుంది, ఊళ్ళ వార్తల్లో అయితే ఉత్త "అమ్మవారు" అని రాసి ఊరుకుంటారు. ఇలాంటి పాత మాటలు పట్టుకోవడానికి ఆంధ్రభారతి సైట్‌లో నిఘంటువులన్నీ ఒకేసారి వెతికే సౌకర్యం ఉంది, చికాగో యూనివర్సిటీ వాళ్ళ సైట్‌లో బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 ముద్రణ ఉంది. ఇంగ్లీషు మాట పట్టుకుని అక్కడ వెనక నుంచి వెతకండి, అర్థాల్లో ఆ మాట ఉన్న తెలుగు పదాలన్నీ బయటికొస్తాయి. బండి ఱ, అరసున్న కూడా మర్చిపోవద్దు, తెలుగు అన్నది తెలుఁగు అనీ తెనుగు అనీ కూడా దొరుకుతుంది.

సెన్సస్ రిపోర్టులు, బ్రిటిష్ కాలం నాటి ప్రభుత్వ రిపోర్టులు కావాలంటే జేస్టోర్‌లోనే సౌత్ ఏషియా ఓపెన్ ఆర్కైవ్స్ అని ఉంది, పూర్తిగా ఉచితం, లాగిన్ బాధ లేదు.

స్కాన్ కానివి కూడా ఉన్నాయి

వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్, వీటిలో ఉన్నదంతా ఆన్‌లైన్లో ఉందనుకోవడం పొరపాటు. వెళ్ళేముందు ఫోన్ చేసి ఏ పత్రిక ఏ సంవత్సరాలవి ఉన్నాయో అడిగి, కాలేజీ నుంచి ఒక లెటర్ తీసుకుని వెళ్ళండి. పాత కాగితం ముట్టుకుంటే పొడి పొడిగా రాలుతుంది, పేజీ పై మూల పట్టుకుని మెల్లగా తిప్పాలి, ఫొటో తీయొచ్చో లేదో ముందే అడగాలి, తీస్తే ప్రతి ఫొటోలో పేజీ నంబరు పడేలా తీయాలి, ఇంటికొచ్చాక ఏ పేజీ ఏ సంచికదో తెలియక నేను పడ్డ అవస్థ మీరు పడొద్దు.

మీ కాలేజీ లైబ్రరీలో కూడా ఓపాక్‌లో (కంప్యూటర్ కేటలాగ్‌లో) పేరు కొట్టి లేదని వెనక్కి రాకండి, షెల్ఫ్ దగ్గరికి వెళ్ళండి. పుస్తకాల్ని విషయాలవారీగా సర్దే డ్యూయీ నంబర్లలో తెలుగు సాహిత్యం 894.827, ఆ నంబరు దగ్గర నిలబడి కుడి ఎడమ రెండేసి అరలు చూస్తే మీకు పేరు కూడా తెలియని పుస్తకం చేతికి తగులుతుంది.

లైబ్రేరియన్‌ని అడిగే పద్ధతి ఒకటుంది. "ఫ్లోరైడ్ మీద ఏమైనా ఉన్నాయా సార్" అంటే ఆయన మాత్రం ఏం చెప్తారు. చిన్న చీటీ మీద రాసివ్వండి: నా ప్రశ్న ఇది, ఈ మాటలతో ఇక్కడిక్కడ వెతికాను, ఇవి దొరికాయి, ఇది దొరకలేదు. 1937 పేపర్ రిఫరెన్సు నా దగ్గర ఉన్నా కాగితం దొరక్క నేను అలాగే రాసిచ్చాను, వాల్యూమ్ 25, పేజీ 553 అని. మా లైబ్రేరియన్ గారు ఇంకో లైబ్రరీకి రాసి ఫొటోకాపీ తెప్పించారు. కవరు తెరిచి ఆ మొదటి పేజీ చదువుతుంటే నాకు చెయ్యి వణికింది, మన ఊళ్ళలో వంగిపోయిన నడుములకి కారణం నీళ్ళే అని అంతకాలం కిందటే కాగితం మీద ఎక్కిందన్నమాట. డెల్‌నెట్ లాంటివి ఉన్నది ఇలాంటి పనికే, ఒక లైబ్రరీలో లేనిది ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించుకోవడానికి.

ఏఐని అడగొచ్చా

అడగొచ్చు, మాటలు అడగండి. "ఈ విషయాన్ని 1950కి ముందు డాక్టర్లు ఏ ఏ పేర్లతో రాసేవారు, వేరే సబ్జెక్ట్ వాళ్ళు ఏమంటారు" అని అడిగితే మంచి జాబితా ఇస్తుంది, మీ గడులు నిండుతాయి. రిఫరెన్సులు మాత్రం దాని నోటి నుంచి తీసుకోకండి, లేని పేపర్‌కి ఉన్న మనిషి పేరు తగిలించి, వాల్యూమ్ నంబరుతో సహా ఇచ్చేస్తుంది. ఏ రిఫరెన్సు వచ్చినా డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కి ఉండే శాశ్వత గుర్తింపు నంబర్) తీసుకుని డీఓఐ సైట్‌లో కొట్టి, అది తెరుచుకుని, టైటిల్ కలిసి, లోపల ఆ మాట ఉందని మీ కళ్ళతో చూశాకే రాసుకోండి. పాత పేపర్లకి డీఓఐ ఉండకపోవచ్చు, అప్పుడు ఇంకో ఇద్దరు అదే వాల్యూమ్, అదే పేజీతో ఉదహరించారా చూడండి.

జర్నల్ మంచిదా కాదా అన్నది ఇంకో తలనొప్పి. మంచి జర్నల్స్ జాబితాగా ఉండే యూజీసీ కేర్ లిస్ట్ 2025 ఫిబ్రవరిలో ఆపేశారు, ఇప్పుడు ఆ బాధ్యత మన మీదే పడింది. ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు నంబర్) పోర్టల్‌లో నంబర్ కొట్టి అక్కడ కనిపించే పేరు, వెబ్‌సైట్ మీరు చూస్తున్నదేనా అని సరిచూడండి, ఎందుకంటే మంచి జర్నల్ పేరూ నంబరూ ఎత్తుకుని నకిలీ సైట్ పెట్టేవాళ్ళున్నారు. నాకు తెలిసిన ఒక లెక్చరర్ అలాంటి సైట్‌కి వేలల్లో కట్టి, ప్రమోషన్ ఫైల్ వెనక్కి వచ్చాక ఏడ్చారు. మూడు రోజుల్లో పబ్లిష్ చేస్తాం అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే అక్కడే ఆగిపోండి.

దొరికింది పోగొట్టుకోకుండా

రిఫరెన్సులు దాచుకునే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితం. బ్రౌజర్‌లో దాని బటన్ నొక్కితే పేపర్ వివరాలు, పీడీఎఫ్ రెండూ వచ్చి కూర్చుంటాయి. ఆన్‌లైన్లో 300 ఎంబీ దాకా ఉచితం, పీడీఎఫ్‌లతో అది తొందరగానే నిండుతుంది, అప్పుడు ఫైళ్ళు మీ కంప్యూటర్లోనే ఉంచుకుని వివరాలు మాత్రం సింక్ చేసుకోండి. మీరు దాచుకున్న పేపర్ తర్వాతెప్పుడైనా రిట్రాక్ట్ అయితే (జర్నల్ వెనక్కి తీసుకుంటే) జొటెరో ఎర్రగా చూపిస్తుంది, దీనికోసమైనా వాడాలి. మన పేర్లతో ఒక జాగ్రత్త, ఇంటిపేరు ఏది అసలు పేరు ఏది అన్నది అది తప్పుగా పట్టుకుంటుంది, ప్రతి తెలుగు పేరూ ఒకసారి చేత్తో సరిచేయాలి.

స్కాలర్‌లో మీకు పనికొచ్చిన సెర్చ్‌కి అలర్ట్ పెట్టేయండి, కొత్తవి మెయిల్‌కి వస్తాయి.

చివరిగా, మొదట తీసిన ఆ కాగితాన్ని ఒక నోట్‌బుక్‌లో అంటించి రోజూ నాలుగు ముక్కలు రాయండి: తేదీ, ఎక్కడ వెతికాను, ఏ మాటలు కొట్టాను, ఎన్ని వచ్చాయి ఎన్ని ఉంచుకున్నాను. ఏమీ రాని మాటలు కూడా రాయాలి, లేకపోతే రెండు నెలల తర్వాత మళ్ళీ అవే కొడతారు. నా నోట్‌బుక్‌లో "ప్రకాశం ఫ్లోరోసిస్" అన్న లైన్ పక్కన ఎర్ర సిరాతో "నెల్లూరు, మద్రాస్ ప్రెసిడెన్సీ అని కొట్టు" అని ఇప్పటికీ ఉంది, కొత్తగా చేరినవాళ్ళు వచ్చి ఏమీ దొరకట్లేదన్నప్పుడు ముందు ఆ పేజీ తెరిచి చూపిస్తాను, తర్వాత వాళ్ళ చేతికి ఒక తెల్ల కాగితం ఇస్తాను.